సౌందర్య సాధనాల ఆరోగ్య భద్రత: చెన్నై నేపథ్యంలో ఒక పరిశీలన

ఒంటికి రాసుకునే వస్తువు హాని చేస్తుందా లేదా అని తేల్చాలంటే రెండు సంగతులు తెలియాలి. అందులో ఏముందన్నది ఒకటి. దాన్ని ఎవరు, ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఒంట్లో ఏ చోట రాసుకుంటారు, ఎంతసేపు కడగకుండా ఉంచుకుంటారు అన్నది రెండోది. మొదటిదాన్ని పరీక్షశాల చెప్పగలదు. రెండోది మాత్రం వాడే మనుషుల్ని గమనిస్తే గాని తెలియదు. మన దేశంలో చట్టం, ప్రమాణాలు, పత్రికల్లో వచ్చే హెచ్చరికలు దాదాపు అన్నీ మొదటిదాని చుట్టూనే తిరుగుతున్నాయి. రెండోదానికి మనం వాడుకుంటున్న అంకెలు ఐరోపా ఇళ్లలో తూచి తెచ్చినవి. చెన్నై లాంటి నగరంలో, అంటే ఉక్కబోత, తలనూనె, పసుపు, కుంకుమ, కాటుక, పౌడరు నిత్యకృత్యమైన చోట, సౌందర్య సాధనాల భద్రత అంచనాలో ఉన్న అసలు లోటు ఈ రెండో వైపునే ఉంది. సరుకులో ఏముందో ఎంత బాగా కొలిచినా అది ఒంటి మీద ఎంత పడుతోందో కొలవకపోతే, అనవసరమైన చోట భయమూ అవసరమైన చోట నిర్లక్ష్యమూ రెండూ మిగులుతాయి.

చట్టం లేదని అనడానికి వీల్లేదు. 1940లో వచ్చింది ఔషధాల చట్టం మాత్రమే. 1962 సవరణతో సౌందర్య సాధనాలు అందులో చేరాయి, 1964 నుంచి అమలయ్యాయి. సబ్బును మొదట నిర్వచనం బయటే ఉంచారు, 1982 సవరణతో గాని అది లోపలికి రాలేదు. శుభ్రపరచడానికి, అందం కోసం, రూపం మార్చుకోవడానికి ఒంటికి రుద్దే, పోసే, చల్లే, పూసే ప్రతి వస్తువూ ఈ నిర్వచనంలోకి వస్తుంది. ప్రమాణాలు పాటించి తీరాల్సిన సరుకుల పట్టికలో, అంటే ‘ఎస్’ షెడ్యూలులో, లిప్‌స్టిక్, షాంపూలతో పాటు కుంకుమ పొడి, ద్రవరూపంలో ఉండే బొట్టు, గోరింటాకు పొడి కూడా పేరుపేరునా ఉన్నాయి. 2020 డిసెంబరులో సౌందర్య సాధనాలకు విడిగా నిబంధనలు వచ్చాయి. వాడకూడని పదార్థాలేవో, అనుమతించిన రంగులేవో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 4707లో రెండు భాగాలుగా చెప్పింది. రంగుల్లో సీసం 20 పీపీఎం (అంటే గ్రాముకు 20 మైక్రోగ్రాములు), ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదు. పాదరసాన్ని కావాలని కలపకూడదు, తెలియకుండా చేరినా 1 పీపీఎం మించకూడదు; కంటి సాధనాలకు మాత్రం ఒక మినహాయింపు ఉంది. తయారీకి లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ, దిగుమతుల్ని చూసేది కేంద్ర సంస్థ. రేవు ఉన్న ఊరు కనక చెన్నైలో కేంద్ర సంస్థ దక్షిణ మండల కార్యాలయం, కేంద్ర ఔషధ పరీక్షశాల రెండూ ఉన్నాయి.

ఇక లెక్క ఎలా వేస్తారో చూద్దాం, ఎందుకంటే వాదన మొత్తం ఈ లెక్క మీదే నిలబడుతుంది. ఐరోపా శాస్త్రీయ సంఘం మార్గదర్శకాల ప్రకారం సగటు మనిషి ముఖానికి రోజుకు 1.54 గ్రాముల క్రీము రాసుకుంటాడు. ఒంటి లోషన్ 7.82 గ్రాములు, లిప్‌స్టిక్ 0.057 గ్రాములు. షాంపూ 10.46 గ్రాములు వాడినా కడిగేస్తారు కాబట్టి అందులో నూరోవంతే ఒంటి మీద మిగులుతుందని పట్టుకుంటారు. మనిషి బరువు 60 కిలోలు. ఇప్పుడు ఏదో ఒక పదార్థం క్రీములో ఒక శాతం ఉందనుకుందాం. చర్మం గుండా సగం లోపలికి పోతుందనుకుంటే, రోజుకు కిలో బరువుకు 0.13 మిల్లీగ్రాములు ఒంట్లో చేరుతుంది. ఆ పదార్థంతో ఏ హానీ కనిపించని అత్యధిక మోతాదు కిలోకు 50 మిల్లీగ్రాములని పరీక్షల్లో తేలిందనుకుంటే, ఆ రెంటికీ మధ్య దూరం 390 రెట్లు. దీన్నే భద్రతా అంతరం అంటారు. ఇది నూటికి తగ్గకూడదన్నది నియమం. జంతువుకూ మనిషికీ ఉన్న తేడాకు పది రెట్లు, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు పది రెట్లు గుణిస్తే ఆ నూరు వచ్చింది. కాబట్టి ఈ క్రీము నిశ్చింతగా గట్టెక్కింది. అదే క్రీమును 45 కిలోల అమ్మాయి మూడింతలు రాసుకుంటే? అంతరం 97కు పడిపోతుంది. సీసాలో ఉన్న పదార్థం అదే, దాని పాలూ అదే. మారింది మనిషీ అలవాటూ మాత్రమే. పరీక్షశాలకు పంపిన నమూనాలో ఈ మార్పు ఎన్నటికీ కనపడదు.

ఐరోపా పట్టికలో కుంకుమకు వరుస లేదు. ఐ లైనరుకు రోజుకు 0.005 గ్రాములని ఉంది గాని, పసిబిడ్డ కళ్లకూ బుగ్గకూ అరికాలికీ కాటుక పెట్టే ఇంటికి ఆ అంకె పనికిరాదు. తలకు రాసే స్టైలింగ్ సాధనాల్లో పదోవంతే చర్మాన్ని తాకుతుందని ఆ పట్టిక లెక్కగడుతుంది. మాడుకు మర్దనా చేసి రాత్రంతా ఉంచుకునే కొబ్బరి నూనెకు, అందులో కలిపే సువాసనలకు, రంగులకు ఆ లెక్క ఎలా సరిపోతుంది? ఏప్రిల్, మే నెలల్లో చెమటకాయలకు మెడ మీద, వీపు మీద పూటపూటకీ పౌడరు గుమ్మరించుకోవడం చెన్నైలో ఎవరికీ విడ్డూరం కాదు. చెమటతో తడిసి, బిగుతు బట్టల కింద నలిగే చర్మం గుండా పదార్థాలు ఎక్కువగా లోపలికి పోతాయి. ఈ అలవాట్లేవీ తప్పు కావు. వాటిని లెక్కలోకి తీసుకోకుండా ‘సురక్షితం’ అని ముద్ర వేయడమే తప్పు.

కుంకుమ సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. 2017లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కుంకుమలాగే పెట్టుకునే సిందూరం నమూనాలు 118 పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. అందులో 95 న్యూజెర్సీలోని భారతీయ దుకాణాల్లో కొన్నవి, అంటే మన తెలుగువాళ్లు కూడా దండిగా కాపురముంటున్న చోట కొన్నవి. మిగతా 23 ముంబయి, ఢిల్లీల నుంచి తెచ్చారు. గ్రాముకు 20 మైక్రోగ్రాముల హద్దును అమెరికా నమూనాల్లో 19 శాతం, భారత నమూనాల్లో 43 శాతం దాటాయి. మూడు నమూనాల్లో సీసం గ్రాముకు 10,000 మైక్రోగ్రాములకు పైనే ఉంది. ఇప్పుడు చిటికెడు కుంకుమ 0.1 గ్రాము అనుకుందాం. హద్దులో ఉన్న కుంకుమైతే అందులో సీసం 2 మైక్రోగ్రాములు, ఆ మూడింటిలాంటిదైతే 1,000. సీసపు లవణాలు చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువ, కాబట్టి నుదుటి మీద ఉన్నంతవరకు పెద్ద ప్రమాదం లేదనవచ్చు. కాని కుంకుమ నుదుటి మీదే ఉండిపోదు. ముక్కు మీద రాలుతుంది, వేలికి అంటుకుంటుంది, ఆ వేలితోనే అన్నం కలుపుతారు, చంకలో బిడ్డ తల్లి నుదురు తడిమి ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. వెయ్యి మైక్రోగ్రాముల్లో నూరోవంతు బిడ్డ నోట్లోకి పోయినా 10 మైక్రోగ్రాములు. పిల్లలకు ఆహారం ద్వారా అందే సీసానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ పెట్టుకున్న సూచిక రోజుకు 2.2. నూరోవంతు అన్నది నేను ఊహించి వేసిన అంకె. అలా ఊహించాల్సి రావడంలోనే లోటు కనిపిస్తోంది. రోజుకు ఎంత కుంకుమ పెట్టుకుంటారు, అందులో ఎంత రాలుతుంది అన్నది తూచి పెట్టిన పట్టిక ఉంటే ఊహించే పని ఉండదు.

పైగా సీసం విషయంలో చెన్నై ఖాళీ పలక కాదు. శ్రీ రామచంద్ర వైద్య కళాశాల పరిశోధకులు హార్వర్డ్ వాళ్లతో కలిసి నగరంలోని 3 నుంచి 7 ఏళ్ల పిల్లలు 756 మందిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. డెసిలీటరు రక్తంలో సగటున 11.4 మైక్రోగ్రాముల సీసం ఉంది. అది ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఏకాగ్రత లోపం, ఆందోళన లాంటి ప్రవర్తన సమస్యలు కూడా ఎక్కువగా కనిపించాయి. ఆ సీసమంతా కుంకుమ నుంచీ కాటుక నుంచీ వచ్చిందని ఎవరూ అనలేదు. పాత పెట్రోలు, రంగులు, కార్ఖానాలు, నీటి గొట్టాలు అన్నిటికీ అందులో పాలుంది. 2024లో వెలువడిన ఒక అధ్యయనం కోసం భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లోని 23 నగరాల నుంచి 356 పసుపు నమూనాలు తీసి చూస్తే, 14 శాతంలో సీసం గ్రాముకు 2 మైక్రోగ్రాములు మించింది. కొమ్ములకు మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ పూస్తున్న జాడలు కనిపించిన నగరాల్లో పట్నా, గువాహటిలతో పాటు చెన్నై కూడా ఉంది. పసుపు మన దగ్గర కూరలోకీ, ముఖానికీ, కాళ్లకూ అక్కరకొచ్చే సరుకు. సీసానికి ‘ఇంతవరకు ఫరవాలేదు’ అనే మట్టం ఏదీ తేలలేదు. అప్పటికే ఒంట్లో సీసం పేరుకున్న బిడ్డకు, ఒంట్లో అంతగా సీసం లేని ఐరోపా బిడ్డను దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క వర్తించదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. 20 పీపీఎం హద్దు ఎలాగూ ఉంది, దాన్ని గట్టిగా అమలు చేస్తే చాలదా, అలవాట్లు తూచుకుంటూ కూర్చోవడం దేనికి అని. ఇందులో చాలావరకు నిజముంది. పై లెక్కే తీసుకుంటే, హద్దులో ఉన్న కుంకుమ నుంచి బిడ్డ నోట్లోకి పోయేది మైక్రోగ్రాములో యాభయ్యోవంతు. అమెరికా సంస్థ 400 లిప్‌స్టిక్‌లు పరీక్షిస్తే సగటు సీసం 1.11 పీపీఎం, గరిష్ఠం 7.19. రోజుకు 0.057 గ్రాముల చొప్పున ఆ సగటు లిప్‌స్టిక్ మొత్తం కడుపులోకి పోయినా మైక్రోగ్రాములో పదహారోవంతే. ఆడపిల్లలు లిప్‌స్టిక్ వేసుకుంటే సీసం తింటున్నట్టే అని పత్రికల్లో వచ్చే రాతలకు ఇంతకంటే సూటి జవాబు లేదు. అయితే హద్దు అమలయ్యేది లైసెన్సు ఉన్న కార్ఖానాలో, పేరున్న సరుకు మీద. కెవిన్‌కేర్, మెడిమిక్స్ తయారుచేసే చోళయిల్, ఐటెక్స్ కాటుక తయారుచేసే అరవింద్ లేబొరేటరీస్ లాంటి చెన్నై సంస్థల గడప ఇన్‌స్పెక్టరుకు తెలుసు. గుడి ముందు రాశిగా పోసి పొట్లాల్లో కట్టిచ్చే కుంకుమను ఎవరు, ఎక్కడ, ఏ రంగుతో కలిపారో చెప్పేవాళ్లు లేరు. జార్జిటౌన్ సందుల్లో, కాశీ చెట్టి వీధిలో టోకున అమ్మే ఫ్యాన్సీ సరుకుకు కూడా తయారీదారు చిరునామా పట్టుకోవడం అంత తేలిక కాదు. ఇన్‌స్పెక్టర్లు కొద్దిమందే ఉంటారు, ఏ సరుకును ముందు పట్టాలో వాళ్లకు తెలియాలి. అది చెప్పేది వాడకపు లెక్కే. లిప్‌స్టిక్ నమూనాలు వంద తీసే బదులు విడి కుంకుమ నమూనాలు యాభై తీయడం మేలని పై లెక్క వేశాకే గదా తెలిసింది!

లేబుల్ మీద పదార్థాల పట్టిక చూసి కొనుక్కోమని వినియోగదారుల సంఘాలు సలహా ఇస్తుంటాయి. మంచి సలహాయే. కాని నిబంధనల్లో చాలాకాలంగా ఒక మినహాయింపు ఉంది: 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకు, 30 గ్రాముల లోపు ఘన, అర్ధఘన సరుకులకు పదార్థాల పట్టిక వేయనక్కర్లేదు. చిన్న డబ్బీ మీద చోటు చాలదన్నది దీని వెనక ఉన్న ఆలోచన. ఫలితం చూడండి. కాటుక డబ్బీ, లిప్‌స్టిక్, తిలకం సీసా, చిన్న కుంకుమ భరిణె, రూపాయి షాంపూ ప్యాకెట్టు, ఫెయిర్‌నెస్ క్రీము చిన్న ట్యూబు అన్నీ ఈ మినహాయింపు నీడలోకి వస్తాయి. షాంపూను ప్యాకెట్టులో పోసి పల్లెపల్లెకూ చేర్చింది తమిళనాడే. కడలూరులో చిన్ని కృష్ణన్ వెల్వెట్‌తో మొదలుపెట్టిన దారిని ఆయన కొడుకు రంగనాథన్ 1983లో చిక్‌తో పెంచారు. పేదల చేతికి సరుకు అందించిన ఆ చిన్న ప్యాకింగే, వాళ్లకు అందులో ఏముందో చెప్పకుండా ఉండేందుకు కూడా చట్టం ఒప్పుకున్న సాకు అయింది. రోజువారీ కూలితో బతికే మనిషి 200 మిల్లీలీటర్ల సీసా కొనదు, కాబట్టి పట్టిక ఎన్నడూ చూడదు.

పాదరసం కథ ఇదే వాదనను ఇంకో వైపు నుంచి నిరూపిస్తుంది. 2014లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 32 ఫెయిర్‌నెస్ క్రీములు పరీక్షిస్తే 14లో పాదరసం కనిపించింది. అత్యధికం 1.97 పీపీఎం. దేశమంతా గగ్గోలు పుట్టింది. నిబంధన ఉల్లంఘన ఉల్లంఘనే, సందేహం లేదు. కాని పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరస లవణాలు ఒకటి నుంచి పది శాతం దాకా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక శాతం అంటే 10,000 పీపీఎం, అంటే ఢిల్లీలో దొరికిన గరిష్ఠానికి అయిదు వేల రెట్లు. రెంటికీ పత్రికల్లో శీర్షిక ఒకటే, ‘క్రీముల్లో పాదరసం’. ఒంటికి జరిగేది మాత్రం ఒకటి కాదు. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఆస్టర్ మిమ్స్ ఆసుపత్రి వైద్యులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు మెంబ్రనస్ నెఫ్రోపతి అనే మూత్రపిండాల జబ్బు రోగులు 22 మందిని చూశారు. మూత్రంలో ప్రోటీను పోయి కాళ్లు, ముఖం వాచే జబ్బు ఇది. అందులో 15 మందికి నెల్-1 అనే ప్రోటీనుతో ముడిపడిన అరుదైన రకం వచ్చింది, ఆ పదిహేను మందిలో 13 మంది ముఖానికి ఫెయిర్‌నెస్ క్రీములు రాస్తున్నారు. చాలామందికి క్రీము మానేశాక జబ్బు తగ్గుముఖం పట్టింది.

ఈ రకం జబ్బుకూ పాదరసానికీ లంకె చెన్నైలో అంతకుముందే బయటపడింది. 2019లో అపోలో ఆసుపత్రి వైద్యులు దేశీయ మందుల్లోని పాదరసం వల్ల ఇదే జబ్బు వచ్చిన అయిదుగురి వివరాలు ప్రచురించారు. 2022లో చెన్నైలోని ఒక మూత్రపిండ పాథాలజీ కేంద్రం నెల్-1 రకం రోగుల్లో చాలామంది అలాంటి మందులు వాడినవాళ్లేనని చూపింది. మందుగా మింగినా, క్రీముగా రాసినా లోహం ఒకటే, దెబ్బ తినేది ఆ మూత్రపిండమే. గమనించాల్సింది ఏమంటే, ఈ రెండు చోట్లా ప్రమాదం పసిగట్టింది సరుకు పరీక్షించే పరీక్షశాల కాదు. బయాప్సీ చూసి, రోగిని ఏం వాడుతున్నావని గుచ్చి గుచ్చి అడిగిన వైద్యులు. పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నిటినీ 1 పీపీఎం హద్దుతో పని లేకుండా తొలగించాలని, పాదరసాన్ని అరికట్టే అంతర్జాతీయ మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023లో తీర్మానించాయి. అది మంచి తీర్మానం. అయినా దొంగచాటుగా వచ్చే సరుకుకు హద్దు ఒకటైనా సున్నా అయినా ఒకటే.

సహజమైనవి వాడితే ఈ గొడవంతా ఉండదు గదా అన్నది మన ఇళ్లలో తరచూ వినిపించే మాట. మైలాపూరు కచేరీ రోడ్డు లాంటి చోట్ల నాటుమందుల కొట్లలో శీకాయ, కుంకుడుకాయ, కస్తూరి పసుపు, వట్టివేళ్లు కొనుక్కుని సున్నిపిండి ఆడించుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాటి మీద అనుమానం పెట్టుకోవాల్సిన పని లేదు. కాని సహజం అన్న మాట భద్రతకు హామీ కాదు. సీసపు సల్ఫైడు రాయి సహజమే, సుర్మా దానితోనే చేస్తారు. గోరింటాకు ఎర్రగానే పండుతుంది. పెళ్లిళ్లలో గంటలో నల్లగా పండే ‘నల్ల మెహందీ’లో కలిసేది జుట్టు రంగులో వాడే పీపీడీ, అది బొబ్బలెక్కించగలదు. పసుపూ సున్నమూ కలిపి చేసిన కుంకుమ వేరు, అంగట్లో కారుచవకగా దొరికే ముదురెరుపు కుంకుమ వేరు. పాతకాలపు బొట్టు మానేసి బొట్టుబిళ్ల పెట్టుకుంటే, దాని జిగురులో ఉండే ఒక ఫినాల్ పదార్థం కొందరికి సరిగ్గా బిళ్లంత మేర తెల్లమచ్చ వేస్తుందని చర్మవైద్యులు ఏనాడో రాశారు. తెలుగువాళ్లకు మదరాసులో ఒంటికి రాసే సరుకు మీద నమ్మకం ఏర్పడింది చాలావరకు మనుషుల పేర్ల మీద. కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం, కె.ఎన్.కేసరి ఔషధాలు అలా ఇంటింటికీ చేరాయి. మెడిమిక్స్ కూడా 1969లో చెన్నై రైల్వే వైద్యుడు వి.పి.సిద్ధన్ చేతి మీదుగా వచ్చిందే. పేరు మీది నమ్మకం ఆనాటికి సరిపోయింది. ఎక్కడెక్కడి సరుకో ఒకే సంతలో కలిసే ఈ రోజున సరిపోదు.

సహజం మీది మోజుకు మరో వైపు ఉన్నది రసాయనం మీది భయం. పారాబెన్లు దీనికి మంచి ఉదాహరణ. హార్మోన్ల మీద ప్రభావం చూపుతాయన్న అనుమానంతో జనం వద్దన్నారు, కంపెనీలు ‘పారాబెన్ లేనిది’ అని ముద్రించుకున్నాయి. నీళ్లున్న ఏ క్రీమైనా నిలవ పదార్థం లేకపోతే బూజు పడుతుంది, బాక్టీరియా పెరుగుతుంది. చెన్నై వేడిలో, మూత సరిగా పడని స్నానాలగదిలో ఇంకా తొందరగా. కాబట్టి పారాబెన్ పోయిన చోట ఇంకేదో చేరాలి. అలా చేరినవాటిలో మిథైల్ ఐసోథయజోలినోన్ ఒకటి. అది ఐరోపాలో అలర్జీలను ఏ స్థాయిలో పెంచిందంటే, కడగకుండా ఉంచుకునే సాధనాల్లో దాన్ని 2017 నుంచి నిషేధించాల్సి వచ్చింది. అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సంఘం 2013లో దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. 2019లో అదే సంఘం పారాబెన్లను ‘అలర్జీ కారకం కానిది’గా ఎంచి చూపింది. కొన్ని పారాబెన్లకు హద్దులు తగ్గించడం సబబే, ఐరోపా ఆ పని చేసింది కూడా. కాని ఎంత వాడతారో లెక్క చూసుకోకుండా పేరు చూసి తరిమేస్తే, ఆ ఖాళీలోకి వచ్చేది అంతకంటే మంచిదవుతుందన్న హామీ లేదు.

జుట్టు రంగుల విషయంలో భద్రతా అంతరం లెక్క సరిపోదు, ఎందుకంటే అలర్జీ ఒక్కసారి పట్టుకున్నాక రవ్వంత మోతాదు చాలు. అందుకే చట్టం ఇక్కడ వాడేవాళ్ల మీదే ఒక పరీక్ష పెట్టింది. చెవి వెనకో ముంజేతి లోపలి వైపో కొంచెం రంగు రాసి ఆరనిచ్చి, 24 గంటల తర్వాత కడిగి చూడాలి. ప్రతిసారీ వేసుకునే ముందు ఇలా చూడాలి. కనుబొమలకు, రెప్పలకు రాస్తే చూపు పోవచ్చని హెచ్చరిక ఉండాలి. ఇదంతా ఇంగ్లీషులోనూ స్థానిక భాషల్లోనూ ముద్రించాలి. కాగితం మీద ఇంతకంటే మంచి నిబంధన ఉండదు. సెలూన్‌లో రంగు కలిపేది గిన్నెలో, ప్యాకెట్టు అప్పటికే చెత్తబుట్టలో ఉంటుంది, కుర్చీలో కూర్చున్న మనిషికి ఆదివారం మధ్యాహ్నం లోగా పని కావాలి. ఇరవై నాలుగు గంటలు ఎవరు ఆగుతారు? నిబంధన రాసినవాళ్లు ఇంట్లో అద్దం ముందు ఒంటరిగా రంగు వేసుకునే మనిషిని ఊహించుకున్నారు. ఇక ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు ఆసుపత్రుల వైద్యులు ఏళ్ల తరబడి రాస్తున్న సంగతి ఇంకా బరువైనది. ఇదే రంగు కడుపులోకి పోతే గొంతు వాచి ఊపిరాడదు, కండరాలు కరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. చర్మానికి సరిపోయే పదార్థం అని సర్టిఫికెట్ ఉన్న సరుకు, చేతికందే చోట చవకగా దొరకడం వల్లనే ఇంకో రకం ప్రమాదమైంది. ‘సహేతుకంగా ఊహించగల వాడకం’ అన్న మాట ఐరోపా చట్టంలో ఉంది. ఈ ప్రాంతంలో ఊహించగలిగేదేమిటో ఈ ప్రాంతపు ఆసుపత్రులే చెప్పాలి.

ఒక్కొక్క పదార్థాన్నీ విడిగా లెక్కించి అన్నీ సురక్షితమంటారు, పది సరుకులు కలిపి వాడితే ఏమవుతుందని అడిగేవాళ్లున్నారు. ఇది తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదు. ఒకే నిలవ పదార్థం సబ్బులో, క్రీములో, లోషనులో ఉంటే అన్నీ కూడి లెక్కించాలని ఐరోపా మార్గదర్శకాలు చెబుతూనే ఉన్నాయి. వేర్వేరు పదార్థాల ఉమ్మడి ప్రభావం మాత్రం ఇంకా నిర్ధారణకు లొంగని రంగమే. నూరు రెట్ల అంతరం అందులో కొంత మోస్తుంది గాని అంతా మోస్తుందని ఎవరూ రాసివ్వలేరు. ఇక్కడ కూడా మొదటి మెట్టు అదే: చెన్నైలో ఒక మనిషి రోజుకు ఏయే సరుకులు కలిపి వాడుతోందో తెలియకుండా ఉమ్మడి ప్రభావం గురించి మాట్లాడటం గాలిలో లెక్కలు వేయడమే. జంతువుల మీద పరీక్షల్ని భారతదేశం 2014లో ఆపింది, అలా పరీక్షించిన సరుకు దిగుమతినీ అదే ఏడు నిషేధించింది. కృత్రిమంగా పెంచిన మానవ చర్మపు పొరల మీద, కంప్యూటరు నమూనాల మీద ఆధారపడటం పెరిగింది. ఈ మార్పు తర్వాత ఒంటి మీద పడే మోతాదు అంచనాకు ప్రాముఖ్యం ఇంకా ఎక్కువైంది, ఎందుకంటే కొత్త పద్ధతులు చాలావరకు ‘ఇంత మోతాదు లోపు అయితే పరీక్షే అక్కర్లేదు’ అనే తర్కంతో మొదలవుతాయి. టాల్క్ విషయంలో వాదం ఇంకా నడుస్తోంది. దాన్ని క్యాన్సరు కారకం కావడానికి అవకాశం ఎక్కువున్న జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో చేర్చింది. టాల్క్ పిల్లల పౌడరును జాన్సన్ అండ్ జాన్సన్ 2023 నాటికి ప్రపంచమంతటా ఆపేసింది. టాల్క్ తవ్వే రాళ్లలో ఆస్‌బెస్టాస్ కలవకుండా చూడటం తవ్వకం దగ్గరే జరగాల్సిన పని.

ఇంతకీ ఈ అంచనా వేయాల్సింది ఎవరు? ఐరోపాలో ప్రతి సరుకుకూ అర్హత ఉన్న నిపుణుడు సంతకం చేసిన భద్రతా నివేదిక ఉండాలి. అమెరికాలో 2022 చట్టం భద్రతకు ఆధారాలు దగ్గర పెట్టుకోమంది, తీవ్రమైన దుష్ఫలితం తెలిస్తే 15 పని దినాల్లో ప్రభుత్వానికి చెప్పమంది. కంపెనీ తన సరుకును తానే సురక్షితమనడం దొంగ చేతికి తాళాలివ్వడమే అనేవాళ్ల మాటలో పస ఉంది. అయితే ప్రతి లిప్‌స్టిక్‌నూ ప్రభుత్వం పరీక్షించి ముద్ర వేయడం ఏ దేశంలోనూ సాధ్యపడలేదు. జరిగేది ఏమంటే, కంపెనీ లెక్క వేస్తుంది, ఆ లెక్కకు ఆధారమైన వాడకపు అంకెలు బహిరంగంగా ఉంటాయి, దుష్ఫలితాల సమాచారం బయటి నుంచి వచ్చి ఆ లెక్కను సరిచూస్తుంది. మన దగ్గర లైసెన్సు ఉంది, ప్రమాణం ఉంది, కొత్త పదార్థమైతే కేంద్రం అనుమతీ కావాలి. లేనివి వాడకపు అంకెలు, దుష్ఫలితాల సమాచారం, ఈ రెండే. మందుల దుష్ఫలితాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010లో మొదలై వైద్య కళాశాలల్లో కేంద్రాలు పెట్టుకుంది, మద్రాసు వైద్య కళాశాలలోనూ ఒకటుంది. క్రీములకు, రంగులకు, కుంకుమకు కంపెనీలు తప్పనిసరిగా సమాచారం ఇవ్వాలన్న అంత గట్టి నియమం లేదు.

దీనికి డబ్బెక్కడిది అన్నది ఆఖరి అభ్యంతరం. ఐరోపా పట్టికలోని అంకెలు పెద్ద యంత్రాలతో వచ్చినవి కావు. వాడేవాళ్లకు సీసాలిచ్చి, వాడకముందూ వాడాకా తూచి, రోజుకు ఎన్నిసార్లు వాడారో రాయించి రాబట్టారు. చెన్నైలో అలాంటి పనికి ఒక మంచి త్రాసు, కొన్ని వందల ఇళ్లు, వేసవిలో ఒక నెల, వానాకాలంలో ఒక నెల చాలు. వ్యాసర్‌పాడిలో ఒక వీధి, అడయారులో ఒక వీధి ఎంచుకుంటే ఆదాయాన్ని బట్టి తేడాలు కూడా తెలుస్తాయి. కుంకుమ భరిణె, కాటుక డబ్బీ, పౌడరు డబ్బా, తలనూనె సీసా ఈ నాలుగూ తూచినా ఐరోపా పట్టికలో లేని వరుసల్లో ముఖ్యమైనవి నిండుతాయి. పిల్లల రక్తంలో సీసం కొలిచిన అనుభవం ఈ ఊళ్లోనే ఉంది, బయాప్సీల్లో నెల్-1 వెతికే పాథాలజీ కేంద్రమూ ఈ ఊళ్లోనే ఉంది. చర్మవ్యాధుల ఓపీలో, మూత్రపిండాల ఓపీలో కేసు షీటు మీద ముఖానికి, జుట్టుకు, కళ్లకు ఏమేం రాస్తున్నారో, ఎక్కడ కొన్నారో రాసుకునే రెండు గళ్లు పెడితే, కొట్టక్కల్‌లో రెండేళ్లకు పైగా పట్టిన పని ఇక్కడ నెలల్లో తేలుతుంది.